బిలియర్డ్స్ లీగ్‌లో చేరాలంటే ముందు మార్కర్ పక్కన కూర్చోండి

లీగ్‌లో పేరు ఇచ్చే ముందు రెండు సాయంత్రాలు మార్కర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. మార్కర్ అంటే బిలియర్డ్స్ గదిలో స్కోరు చెప్పే మనిషి. బంతులు సర్దేదీ, టేబుల్ బట్టకి బ్రష్ కొట్టేదీ, రాత్రి లైటు ఆపేదీ కూడా ఆయనే. ఒడిశాలోని బరంపురంలో నేను ఆట మొదలుపెట్టిన క్లబ్బులో మార్కర్ తెలుగాయన, అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. నియమాల కాగితం చదివితే నాకు సగం కూడా బుర్రకెక్కలేదు. బాబాయ్ పక్కన కూర్చుని, పాయింటు పడ్డప్పుడల్లా స్కోరుబోర్డు మీద ఇత్తడి ముల్లు జరుపుతూ ఉంటే రెండు రోజుల్లో ఎక్కింది. ముల్లు జరపాలంటే ఎన్ని పాయింట్లో తెలియాలి. అది తెలియాలంటే బంతి ముందు దేనికి తగిలిందో కళ్లప్పగించి చూడాలి. అలా చూడడం అలవాటైతే నియమం దానంతటదే గుర్తుండిపోతుంది.

ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి "లీగ్‌లో చేరాలంటే ఏం చేయాలి?" అని అడిగే తెలుగువాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. మిగతాది వరుసగా చెప్తాను.

ముందు ఏ ఆటో తేల్చుకోండి

బయట బోర్డు మీద "బిలియర్డ్స్" అని ఉన్నా లోపల ఆడేది మూడు ఆటల్లో ఏదైనా కావచ్చు. అసలు బిలియర్డ్స్ మూడు బంతుల ఆట. స్నూకర్‌లో 22 బంతులు: 15 ఎరుపు, 6 రంగు బంతులు, ఒక తెలుపు. ఈ రెండూ ఒకే టేబుల్ మీద ఆడతారు. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఆకుపచ్చ బట్ట కింద బరువైన పలక రాయి. పూల్ టేబుల్ చిన్నది, బంతులు పెద్దవి, పాకెట్లూ (బంతులు పడే గుంటలు) వెడల్పు. ఊళ్లలో కొత్తగా తెరిచిన పార్లర్లలో ఎక్కువగా కనిపించేది పూల్.

పూల్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. కానీ మీ దగ్గర్లో పెద్ద టేబుల్ ఉన్న క్లబ్బు ఉంటే బిలియర్డ్స్‌తోనే మొదలుపెట్టమంటాను. మూడు బంతులే కాబట్టి ఏది ఎక్కడికి వెళ్లిందో కంటికి ఆనుతుంది. బంతి బంతికి తగిలాక ఎటు తిరుగుతుందో ఈ ఆట నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు. పైగా మనవాళ్లు ప్రపంచాన్ని గెలిచిన ఆట ఇది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. ఏ ఆటలోనైనా సరే, ఒంటరిగా ఆడి ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ తర్వాత మైఖేల్ ఫెరీరా, గీత్ సేఠీ, ఇప్పుడు పంకజ్ అద్వానీ. స్నూకర్ అయితే పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్పూర్‌లో, ఇంగ్లీషు సైనికాధికారుల మెస్సులో. అయినా మన ఊళ్లలో చాలామందికి ఇవి పరాయి దేశపు ఆటలనే అనిపిస్తుంది. నాకు అది బాధగా ఉంటుంది.

క్లబ్బు, జట్టు వెతుక్కోవడం

పెద్ద టేబుళ్లు ఎక్కువగా పాత క్లబ్బుల్లో, అధికారుల క్లబ్బుల్లో ఉంటాయి. సభ్యత్వం లేకుండా లోపలికి వెళ్లలేమని చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. సభ్యుడెవరైనా వెంట తీసుకెళ్తే అతిథిగా ఆడనిచ్చే పద్ధతి చాలా చోట్ల ఉంటుంది. సెక్రటరీని నేరుగా అడగండి. సాయంత్రం రద్దీలో అడగకండి, పొద్దున్నో మధ్యాహ్నమో వెళ్లండి. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు మనుషులకీ తీరిక ఉంటుంది.

భాష గురించి భయం అక్కర్లేదు. బరంపురంలో ఏ గదిలోకి వెళ్లినా ఒడియా, తెలుగు, హిందీ మూడూ కలిసే నడుస్తాయి. స్కోరు ఎక్కువగా ఇంగ్లీషు అంకెల్లోనే చెప్తారు. ఒడియాలో చెప్పినా మొదట్లో నాలుగు అంకెలు వస్తే చాలు. దుయి అంటే రెండు, తిని అంటే మూడు, చారి అంటే నాలుగు, పాంచ అంటే ఐదు. పెద్దాయన్ని "భాయినా" అని పిలిస్తే మొహంలో చిరునవ్వు వస్తుంది.

లీగ్‌లో చేర్చుకునేది జట్టు కాబట్టి కెప్టెన్ నంబరు తీసుకోండి. "నాకు ఆట వచ్చు" అనకండి. "రిజర్వ్‌లో పెట్టుకోండి, స్కోరు రాస్తాను" అనండి. స్కోరు రాసేవాడు అన్ని జట్లకీ కావాలి. వారం వారం కుర్చీలో కూర్చున్న మనిషికి, ఎవరో రాని రోజు క్యూ (ఆడే కర్ర) చేతికొస్తుంది. నాకూ అలాగే వచ్చింది.

దగ్గర్లో లీగే లేకపోతే? రాయగడ నుంచో జయపురం నుంచో వారం వారం బరంపురం రావడం అయ్యే పని కాదు. ఆరుగురు మనుషులు, ఒక టేబుల్ ఉంటే మీరే పెట్టుకోవచ్చు. ప్రతివాళ్లూ మిగతా అందరితో ఒక్కసారి ఆడితే మొత్తం 15 మ్యాచ్‌లు. వారానికి రెండు పెట్టుకుంటే రెండు నెలల్లో అయిపోతాయి. గోడకి ఒక కాగితం అంటించి, గెలుపోటములు రోజూ రాయండి. ఆ కాగితం చూసి రెండో సీజన్‌కి ఇంకో నలుగురు వస్తారు.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

రుసుము కాకుండా టేబుల్ అద్దె ఎవరిదో అడగండి. పార్లర్లలో ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టే అలవాటు ఉంటుంది. లీగ్‌లో మామూలుగా రెండు జట్లూ పంచుకుంటాయి, లేదా సొంత ఊళ్లో ఆడే జట్టు భరిస్తుంది. ఇది ముందే తేలకపోతే మొదటి మ్యాచ్ రాత్రే మాట తేడా వస్తుంది. పందేలు కట్టే గుంపులో మాత్రం కూర్చోకండి. లీగ్ ఆటగాడికి అది మంచిది కాదు.

తర్వాత, పాయింట్ల పట్టిక ఎలా లెక్కిస్తారు? ఫ్రేమ్ అంటే మ్యాచ్‌లో ఒక్కో ఆట. కొన్ని లీగుల్లో గెలిచిన ప్రతి ఫ్రేమ్‌కీ ఒక పాయింటు. కొన్నింట్లో మ్యాచ్ గెలిచిన జట్టుకే పాయింట్లు. మొదటి రకంలో మీ జట్టు అప్పటికే ఓడిపోయినా మీరు ఆడే చివరి ఫ్రేమ్‌కి విలువ ఉంటుంది. అది తెలియక చివరి ఫ్రేమ్ చేతులు దులుపుకుని ఆడినవాళ్లని చూశాను. సీజన్ చివర్లో ఆ ఒక్క పాయింటు కోసం తల పట్టుకున్నారు.

వాయిదా నియమం కూడా అడగండి. మన తీరంలో అది పేరుకి రాసుకునే నియమం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు వచ్చింది. అక్టోబరులో మ్యాచ్‌లు పెట్టుకునే లీగ్‌కి "తుపాను హెచ్చరిక ఉంటే మ్యాచ్ ఎప్పుడు, ఎక్కడ" అన్న వాక్యం కాగితం మీద ఉండాలి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరిగేటప్పుడు బరంపురం వీధులన్నీ జనంతో నిండిపోతాయి, ఆ రోజుల్లో బయటి జట్టు వేళకి చేరడం కష్టం. ఆ తేదీలు వదిలి పట్టిక వేశారో లేదో చూడండి.

ఆలస్యంగా వస్తే ఎన్ని నిమిషాలు ఆగుతారు, ఎన్ని ఫ్రేమ్‌లు పోతాయి? ఇదొక్కటి అడిగి పెట్టుకుంటే సరిహద్దులో గిరిసోల దగ్గర లారీల వెనక ఇరుక్కున్న రోజున టెన్షన్ తగ్గుతుంది.

బిలియర్డ్స్ లెక్క

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

మూడు బంతులు: తెలుపు, పసుపు, ఎరుపు. తెలుపు మీదైతే పసుపు ఎదుటివాళ్లది. ఆట అయ్యేదాకా మీరు కొట్టేది మీ బంతినే. ఎరుపు ఇద్దరిదీ. పాయింట్లు వచ్చే దారులు మూడు. మీ బంతి మిగతా రెండింటికీ తగిలితే కానన్, 2 పాయింట్లు. వేరే బంతిని పాకెట్లో వేస్తే పాట్, ఎరుపుకి 3, ఎదుటివాళ్ల బంతికి 2. మీ బంతే వేరే బంతికి తగిలి పాకెట్లో పడితే ఇన్-ఆఫ్, ఎరుపుకి తగిలి పడితే 3, ఎదుటి బంతికి తగిలి పడితే 2. స్నూకర్ ఆడి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడ మీ బంతి పాకెట్లో పడితే ఫౌల్, ఇక్కడ అదే సంపాదన.

ఒకే దెబ్బకి ఇవన్నీ కలిసి రావచ్చు. అందుకే బంతి ముందు దేనికి తగిలిందో చూడమన్నాను. మీ బంతి ముందు ఎరుపుకి, తర్వాత ఎదుటి బంతికి తగిలి, మూడు బంతులూ పాకెట్లలో పడ్డాయనుకోండి. కానన్‌కి 2, ఎరుపు పడ్డందుకు 3, ఎదుటి బంతి పడ్డందుకు 2, ఎరుపు మీద ఇన్-ఆఫ్‌కి 3, మొత్తం 10. ఒక్క దెబ్బకి అంతకంటే ఎక్కువ రావు. అదే ముందు ఎదుటి బంతికి తగిలి ఉంటే ఇన్-ఆఫ్‌కి 2 మాత్రమే, మొత్తం 9. ఈ ఒక్క పాయింటు దగ్గరే గొడవలు మొదలవుతాయి. మార్కర్ పక్కన కూర్చున్న రోజుల్లో బాబాయ్ నన్ను ప్రతి దెబ్బకీ "ఏది ముందు?" అని అడిగేవాడు. జవాబు చెప్పాకే ముల్లు జరపనిచ్చేవాడు.

ఇన్-ఆఫ్ అయ్యాక మీ బంతి చేతికొస్తుంది. దాన్ని డీ లోపల ఎక్కడైనా పెట్టి ఆడొచ్చు. డీ ఉన్న వైపుని టేబుల్ కింది వైపు అంటాం, అటు చివరి అంచు కింది కుషన్. దాని నుంచి 29 అంగుళాల దూరంలో అడ్డంగా గీసిన గీత బాక్ లైన్, ఆ గీతకీ కుషన్‌కీ మధ్య జాగా బాక్. గీత మధ్యలో కింది వైపుకి ఉండే అర్ధచంద్రం డీ. బంతిని చేత్తో పెట్టి ఆడేటప్పుడు బాక్ లోపల ఉన్న బంతిని నేరుగా కొట్టకూడదు. మీ బంతి ముందు గీత దాటి పైకి వెళ్లాలి. అక్కడి కుషన్‌కో, బంతికో తగిలి వెనక్కొచ్చి కొట్టొచ్చు. మరి బంతి సరిగ్గా గీత మీదే నిలిస్తే? చూస్తే సగం బయటికి ఉన్నట్టే కనిపిస్తుంది. "గీత మీదున్నా లోపలున్నట్టే బాబూ" అనేవాడు బాబాయ్. నియమం కూడా అంతే, గీత బాక్‌లో భాగం. ఎదుటివాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు మిగతా రెండు బంతులనీ బాక్‌లోకి దించి పెట్టడం మంచి ఎత్తు. అవతలివాళ్లకి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పాకెట్లో పడిన ఎరుపు వెంటనే టేబుల్ పై వైపున్న తన స్పాట్ (చుక్క గుర్తు) మీదికి తిరిగొస్తుంది. ఆ స్పాట్ మీద నుంచి వరసగా రెండు దెబ్బల్లో ఇంకే పాయింటూ కలవకుండా ఎరుపునే వేస్తే, మూడోసారి దాన్ని టేబుల్ మధ్య స్పాట్ మీద పెడతారు. ఎదుటివాళ్ల బంతి సంగతి వేరు. దాన్ని పాకెట్లో వేస్తే 2 వస్తాయి గానీ, మీ వంతు ముగిసేదాకా అది టేబుల్ మీదికి రాదు. మీ ముందు ఎరుపొక్కటే మిగులుతుంది, కానన్‌కి దారి మూసుకుపోతుంది. కొత్తవాళ్లు ఆ 2 పాయింట్లకి ఆశపడి చేతిలో ఉన్న బ్రేక్ (ఆగకుండా సాగే పాయింట్ల వరస) పోగొట్టుకుంటారు. నేను మొదటి సీజన్ అంతా అదే చేశాను. ఎదుటి బంతిని వేసే అవకాశం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, తర్వాతి దెబ్బ ఎక్కడుందో చూసుకోండి.

ఇన్-ఆఫ్‌లు, పాట్‌లు కానన్ కలవకుండా వరసగా 15 దాటకూడదని నియమాల పుస్తకంలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆ అవసరం రాదు గానీ ఉందని తెలిసుండాలి.

సాధనకి ఒక్క దెబ్బ చెప్తాను. ఎరుపుని మధ్య స్పాట్ మీద పెట్టండి. మీ బంతిని డీలో పెట్టి, దాని నడిమధ్య ఎరుపు బంతి అంచుకి ఎదురుగా వచ్చేలా గురి చూడండి. తగిలే క్షణంలో క్యూ వెనక నుంచి చూస్తే మీ బంతి సగం ఎరుపుని కప్పినట్టుండాలి. దీన్ని హాఫ్ బాల్ అంటారు. నిదానంగా, చివరిదాకా క్యూ సాగదీసి కొట్టండి. మీ బంతి పై మూల పాకెట్లోకి వెళ్లాలి, ఎరుపు కుషన్లకి తగిలి మళ్లీ మధ్యవైపు రావాలి. మొదట్లో పాకెట్‌కి జానెడు ఇవతల తగులుతుంది. డీలో బంతిని ఒక అంగుళం పక్కకి జరిపి మళ్లీ కొట్టండి, గురి మాత్రం మార్చకండి. ఇలా రోజూ ఇరవై సార్లు చేస్తే మీ బంతి ఎక్కడ పెడితే ఎటు వెళ్తుందో చేతికే తెలిసిపోతుంది.

ఫౌల్ అయితే ఎదుటివాళ్లకి 2 పాయింట్లు. పైగా బంతులు ఉన్నచోటే ఆడాలా, లేక ఎరుపు స్పాట్ మీద, రెండో బంతి మధ్య స్పాట్ మీద పెట్టించుకుని డీ నుంచి ఆడాలా అన్నది వాళ్ల ఇష్టం.

స్నూకర్ లీగ్ అయితే

ఎరుపు 1, పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ రంగు 4, నీలం 5, గులాబీ 6, నలుపు 7. ఒక ఎరుపు, ఒక రంగు, మళ్లీ ఎరుపు, మళ్లీ రంగు. ఎరుపులు అయిపోయాక రంగులు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా. ఇది చాలామందికి తెలిసిందే. లీగ్‌లో పనికొచ్చేవి వేరే ఉన్నాయి.

టేబుల్ మీద ఇంకా ఎన్ని మిగిలాయో లెక్క మీ నోటి మీద ఉండాలి. ఆరు రంగులూ కలిపి 27. ఉన్న ఒక్కో ఎరుపుకీ నలుపుతో కలిపి 8. మూడు ఎరుపులు ఉంటే 24, రంగులు 27, మొత్తం 51. మీరు 52 వెనకబడి ఉంటే పాట్ చేసి గెలవలేరు, ఎదుటివాళ్లు ఫౌల్ చేసేలా బంతి దాచాలి. ఫౌల్‌కి కనీసం 4, సంబంధం ఉన్న బంతి విలువ అంతకంటే ఎక్కువైతే 7 దాకా. ఫౌల్ తర్వాత మీరు కొట్టాల్సిన బంతికి రెండు అంచులూ నేరుగా అందకపోతే ఫ్రీ బాల్ వస్తుంది, వేరే రంగుని ఎరుపులా వాడుకోవచ్చు. ఫ్రీ బాల్ ఉందో లేదో బంతులు కదలక ముందే అడగాలి. క్యూ వేశాక అడిగితే ప్రయోజనం లేదు.

"మిస్" నియమం మాత్రం కచ్చితంగా కెప్టెన్‌ని అడగండి. పెద్ద పోటీల్లో, ఫౌల్ చేసినవాడు సరిగ్గా ప్రయత్నించలేదనిపిస్తే బంతులు మళ్లీ మొదటి చోట పెట్టించి అతనితోనే ఆడిస్తారు. రిఫరీ లేని అమెచ్యూర్ లీగుల్లో దాన్ని తగ్గించో, తీసేసో ఆడతారు. సమయం తక్కువగా ఉండే లీగుల్లో ఆరు ఎరుపుల స్నూకర్ కూడా ఉంటుంది. అందులో అత్యధిక బ్రేక్ 75.

ఒకే సందర్భానికి రెండు ఆటల్లో రెండు నియమాలు ఉన్నచోట జాగ్రత్త. మీ బంతి వేరే బంతికి ఆనుకుని నిలిస్తే, స్నూకర్‌లో ఆ బంతిని కదపకుండా పక్కకి ఆడాలి. బిలియర్డ్స్‌లో అయితే ఎరుపు తన స్పాట్‌కి, ఎదుటి బంతి మధ్య స్పాట్‌కి వెళ్తాయి, మీరు మళ్లీ డీ నుంచి ఆడతారు.

పూల్ లీగ్‌లో చేరితే అడగాల్సింది ఒకటే: ఫౌల్ తర్వాత తెల్లబంతిని ఎక్కడైనా పెట్టుకోవచ్చా, లేక రెండు ఛాన్సులా? పార్లర్‌కో పద్ధతి ఉంటుంది.

హ్యాండీక్యాప్

బలమైనవాళ్లకీ కొత్తవాళ్లకీ పోటీ నిలబడాలని ఇచ్చే ముందస్తు పాయింట్లు ఇవి. 150 పాయింట్ల బిలియర్డ్స్ గేమ్‌లో మీకు 30 ఇచ్చారంటే బోర్డు మీద మీ ముల్లు 30 దగ్గర మొదలవుతుంది, మీరు ఇంకా 120 చేస్తే చాలు. గంటో, గంటన్నరో సమయం పెట్టి ఆడే లీగుల్లో గడియారం ఆగేసరికి ఎవరు ముందుంటే వాళ్లే గెలిచినట్టు. అక్కడ 30కి ఇంకా విలువ ఎక్కువ.

మీ స్థాయి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తక్కువ చెప్పి ఎక్కువ పాయింట్లు తీసుకుంటే రెండు మ్యాచ్‌లలో తెలిసిపోతుంది, మూడో మ్యాచ్‌కి మీతో ఆడటానికి ఎవరికీ ఇష్టం ఉండదు. ఎక్కువ చెప్తే మీ జట్టు నష్టపోతుంది.

మీ ఫౌల్ మీరే చెప్పాలి

అమెచ్యూర్ లీగ్‌లో ప్రతి టేబుల్‌కీ రిఫరీ ఉండడు. మార్కరో, ఖాళీగా ఉన్న ఆటగాడో స్కోరు చూస్తాడు. ఆయన కన్ను ప్రతి చోటా ఉండదు. అందుకే మీ చేయి, ఒంటి మీది బట్ట, దెబ్బ కొట్టేటప్పుడు తప్ప క్యూ, ఏది ఏ బంతికి తగిలినా అది ఫౌల్ అని మీరే చెప్పాలి.

నా మొదటి లీగ్ మ్యాచ్. టేబుల్ మధ్యకి వంగి కానన్ కోసం చూస్తున్నాను. నా పొడుగు చేతుల చొక్కా కఫ్ పక్కనున్న పసుపు బంతి మీద ఆనింది. బంతి కదిలిందో లేదో కూడా తెలియనంత తేలిక. కొట్టాను, కానన్ పడింది. ఎదుటి ఆటగాడు ఒడియా పెద్దాయన, ఆ క్షణంలో స్కోరుబోర్డు వైపు చూస్తున్నాడు. బాబాయ్ చేయి ముల్లు మీదే ఆగిపోయింది, నా వైపు చూస్తున్నాడు. పిలవలేదు, చెప్పలేదు. ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు ఒడియాలో అన్నాను, "మోర ఫౌల్" అని, అంటే నాదే ఫౌల్ అని. నా 2 పాయింట్లు పోయాయి, ఆయనకి 2 పెరిగాయి. ఆ గేమ్ నేను ఓడాను. బల్ల సర్దాక బాబాయ్ నా దగ్గరకొచ్చి "రేపట్నుంచి సొక్కా సేతులు మడతెట్టి ఆడు బాబూ" అన్నాడు. ఆ పెద్దాయన మర్నాడు సాయంత్రం సాధనకి రమ్మని నా కెప్టెన్‌తో కబురు పెట్టాడు. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ఆదివారం ఆయనతోనే ఆడాను. హాఫ్ బాల్ దెబ్బ నాకు సరిగ్గా నేర్పింది ఆయనే.

మ్యాచ్ రోజు

కాలర్ ఉన్న చొక్కా, ప్యాంటు, బూట్లు. చెప్పులతో చాలా క్లబ్బుల్లో లోపలికి రానివ్వరు. ఉంగరాలు, కడియం తీసి జేబులో పెట్టుకోండి, బట్టకి తగిలితే చిరుగుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

సొంత క్యూ వెంటనే కొనకండి. క్లబ్బు క్యూలలో నిటారుగా ఉన్నదాన్ని బల్ల మీద దొర్లించి చూసి ఎంచుకోండి, ఎగిరెగిరి దొర్లితే వంకర ఉన్నట్టే. చివర టిప్ గుండ్రంగా ఉండాలి, చదునైపోతే మార్కర్‌కి ఇచ్చి సరిచేయించండి. మూడు నెలలు ఆడాక ఏ బరువు మీ చేతికి సరిపడుతుందో మీకే తెలుస్తుంది, అప్పుడు కొనుక్కోవచ్చు. చాక్ మాత్రం మీదే ఉండాలి, ప్రతి దెబ్బకీ ముందు టిప్‌కి రుద్దాలి.

మన తీరపు గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో బట్ట తేమ పీల్చి బంతి బరువెక్కినట్టు నడుస్తుంది. వేసవిలో సరిపోయిన బలం ఆగస్టులో చాలదు. అందుకే బయటి ఊరి మ్యాచ్‌కి అరగంట ముందు వెళ్లి, అనుమతిస్తే నాలుగు దెబ్బలు కొట్టి చూడండి. బంతిని డీ నుంచి పై కుషన్‌కి మెల్లగా పంపి, తిరిగి ఎంత దూరం వస్తుందో గమనిస్తే టేబుల్ వేగం తెలుస్తుంది. బట్టకి నూగు ఉంటుంది, అది డీ వైపు నుంచి పైకి పడుకుని ఉంటుంది. బ్రష్ కొట్టినా, ఇస్త్రీ చేసినా అదే దిశలో. నెమ్మదిగా వెళ్లే బంతి నూగుని బట్టి కొద్దిగా పక్కకి జరుగుతుంది, చివరి జానెడులో గురి తప్పడానికి చాలాసార్లు కారణం అదే. చెమట చేతికి పౌడరు రాసుకోకండి, బట్ట మీద తెల్ల మరకలు పడతాయి. చిన్న తువ్వాలు తెచ్చుకోండి.

ఎదుటివాళ్లు ఆడుతున్నప్పుడు వాళ్ల చూపు దారిలో నిలబడకండి. కుర్చీలో కూర్చోండి, నీళ్లు తాగండి, స్కోరు మనసులో లెక్కపెట్టుకోండి. వాళ్ల బంతి అదృష్టంగా పడితే చేయి ఎత్తి క్షమాపణ చెప్తారు. మీకు అలా పడ్డప్పుడు మీరూ చేయి ఎత్తండి.

పై స్థాయికి వెళ్లాలనుకుంటే

జాతీయ స్థాయిలో ఈ ఆటలని నడిపేది బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. దాని కింద రాష్ట్ర సంఘాలు ఉంటాయి. బరంపురంలో ఉంటూ ఇచ్ఛాపురంలో ఉద్యోగం చేసేవాళ్లు, అటు ఇల్లు ఇటు క్లబ్బు ఉన్నవాళ్లు మనలో చాలామంది. క్లబ్బుల మధ్య సరదా లీగ్‌కి సరిహద్దుతో పనిలేదు. రాష్ట్ర పోటీలకి వెళ్లాలంటే మాత్రం ఏ రాష్ట్ర సంఘం కిందికి వస్తారో సంఘాన్నే అడిగి తేల్చుకుని, తర్వాతే నమోదు చేయించుకోండి.

ఆట అయ్యాక

స్కోరు షీట్ మీద ఇద్దరు కెప్టెన్లూ సంతకం చేయాలి. సంతకానికి ముందు మీ గేమ్ అంకెలు మీరే ఒకసారి కూడి చూసుకోండి, తేడా ఉంటే అక్కడే చెప్పండి. ఇంటికెళ్లాక గుర్తొస్తే ఎవరూ మార్చరు. షీట్‌కి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బంతులు తుడిచి పెట్టెలో వరసగా సర్దడానికి మార్కర్‌కి చేయి అందించండి. బట్ట మీద దుప్పటి కప్పేటప్పుడు ఆయన ఒక చివర, మీరు ఒక చివర పట్టుకోండి. వచ్చే మ్యాచ్ ఏ రోజో, ఏ ఊళ్లోనో అప్పుడే అడిగి రాసుకోండి.